ఎడమ చెవిలో వినపడని ఫ్లూట్

మీకు బాగా ఇష్టమైన పాట ఏది, డిప్రెషన్ నుంచి బయటపడటానికీ ఆ పాటకీ ఏమైనా సంబంధం ఉందా అని అడిగారు. ఉంది. పాట పేరు మాత్రం చెప్పను. చెబితే మీరు వెంటనే పెట్టుకుని విని, "ఇందులో ఏముంది, మామూలు ప్రేమపాటే కదా" అంటారు. నిజంగానే మామూలు ప్రేమపాట. ధైర్యం చెప్పే మాట ఒక్కటి కూడా ఉండదు.

ధైర్యం చెప్పే పాటలు నాకు చాలామంది పంపారు. లే, పోరాడు, గెలుస్తావు అనే రకం. మంచి ఉద్దేశంతోనే పంపారు, తప్పు పట్టను. కానీ లేచి పళ్లు తోముకోవడానికే గంట పట్టే మనిషికి ఆ పాటలు వింటే ఉన్న ఓపిక కూడా పోతుంది. "అందరూ లేస్తున్నారు, నేనే లేవలేకపోతున్నాను" అనిపిస్తుంది. ఏడుపు పాటలు ఇంకో రకం. ఒకటి వింటే హాయిగానే ఉంటుంది. అవే రాత్రంతా తిప్పి తిప్పి వింటే మాత్రం జరిగిపోయిన వాటినే తవ్వుకుంటూ కూర్చుంటాం. నాకైతే అలాగే అయింది.

అసలు నాకు ఏడుపు కూడా రాలేదు. ఏమీ రాలేదు. పదిహేనేళ్లుగా ప్రాణంగా విన్న పాట పెట్టుకుంటే పక్కగదిలో ఫ్రిజ్ మోగుతున్నట్టు ఉండేది. ఒళ్లు బద్ధకం అనుకున్నాను, వయసు అనుకున్నాను. ఇంట్లోవాళ్లు పట్టుబట్టి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన ఒక కాగితం ఇచ్చారు. దాన్ని పీహెచ్‌క్యూ-9 అంటారు, డిప్రెషన్ ఎంత ఉందో చూసే ప్రశ్నల కాగితం. తొమ్మిది ప్రశ్నలు, గత రెండు వారాల్లో ఎన్ని రోజులు అలా ఉందో చెబుతూ ఒక్కోదానికి 0 నుంచి 3 దాకా మార్కు వేసుకోవాలి. మొదటి ప్రశ్నే నన్ను ఆపేసింది: పనుల మీద ఆసక్తి గానీ, వాటిలో ఆనందం గానీ తగ్గిందా అని. దిగులు గురించి అడిగేది రెండో ప్రశ్నలో. అంటే నా పాట ఫ్రిజ్‌లా మోగడం కూడా జబ్బు లక్షణమే అని అప్పుడు తెలిసింది. 27కి 19 వచ్చాయి. ఇందులో మార్కులు ఎక్కువొస్తే జబ్బు ఎక్కువున్నట్టు. (పరీక్షల్లో ఎప్పుడూ ఇంత బాగా రాలేదు.)

మందులు రాశారు, కౌన్సెలింగ్‌కి కూడా పంపారు. మందు వేసుకున్న మర్నాడే తేలికైపోతుందని ఆశపడకండి. సాధారణంగా కొన్ని వారాలు పడుతుంది. నాకు మొదటి రెండు వారాలు కడుపులో తిప్పడం తప్ప ఇంకేం తెలియలేదు. మానేద్దామనుకుని ఫోన్ చేస్తే, "మీ అంతట మీరు ఆపకండి, ఇంకొంచెం చూద్దాం" అన్నారు డాక్టర్ గారు. ఆ ఒక్క ఫోన్ కాల్ చేసి ఉండకపోతే ఈ జవాబు రాసేదాన్నో లేదో.

ఇక పాట సంగతి. ఆ రోజుల్లో కూడా రోజూ దాన్నే పెట్టుకునేదాన్ని, అలవాటు కొద్దీ. మందులు మొదలుపెట్టిన ఐదో వారంలో ఒక సాయంత్రం బట్టలు మడతపెడుతూ వింటున్నాను. రెండో చరణం ముందు ఒక ఫ్లూట్ బిట్ వస్తుంది. చిన్నప్పుడు దాన్ని ఈలతో వాయించాలని ప్రయత్నించి ఇంట్లో తిట్లు తిన్నాను. ఆ బిట్ రావాల్సిన చోటికి వచ్చాను. రాలేదు. తబలా వినిపిస్తోంది, ఫ్లూట్ లేదు. వెనక్కి జరిపి మళ్లీ విన్నాను. లేదు. ఇదెవరో పాడుచేసిన కాపీ అనుకుని చిరాకు పడ్డాను. తర్వాత ఇయర్‌ఫోన్స్ తీసి చూస్తే ఎడమవైపుది అసలు పనిచేయడం లేదు. స్టీరియోలో ఆ ఫ్లూట్‌ని పూర్తిగా ఎడమవైపుకే పెట్టారు.

అది ఎప్పుడు పాడైందో నాకు తెలియదు. మా చెల్లిని అడిగితే, "మూడు నెలల నుంచి ఒక చెవిలోనే వస్తోందని నేనే చెప్పాను కదక్కా, ఊఁ అన్నావు" అంది. మూడు నెలలు సగం పాట విన్నాను, సగం పోయిందని కూడా గమనించలేదు.

మడతపెట్టిన బట్టలు అలాగే వదిలేసి చాలాసేపు కూర్చున్నాను. సంతోషమేం కాదు, కోపమే. నా ఫ్లూట్ ఏదీ అని కోపం. కానీ ఎన్నో నెలల తర్వాత నాకు ఒకటి కావాలనిపించింది, లేదని చిరాకు వేసింది. కౌన్సెలర్‌కి చెబితే ఆవిడ నవ్వి, నోట్సులో రాసుకున్నారు.

ఆ తర్వాత అంతా సాఫీగా సాగలేదు. మధ్యలో పది రోజులు మళ్లీ మంచానికి అతుక్కుపోయాను. ప్రతి చరణం అయ్యాక పాట మళ్లీ పల్లవికే వస్తుంది కదా, అలా అనుకుని సర్దిచెప్పుకున్నాను. నాలుగు నెలలకి అదే కాగితం నింపితే 6 వచ్చాయి. బాగున్నా వెంటనే మందులు ఆపలేదు, డాక్టర్ గారు చెప్పినన్ని నెలలు వాడాను.

మీరు ఈ ప్రశ్న మీ కోసమే అడిగి ఉంటే, పాట వెతుక్కునే ముందు డాక్టర్‌ని వెతుక్కోండి. చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే రేపటిదాకా ఆగొద్దు, ఇప్పుడే పక్కనున్న మనిషికి చెప్పండి.

కొత్త ఇయర్‌ఫోన్స్ కొన్నాను. ఈల మాత్రం ఇప్పటికీ సరిగ్గా రావడం లేదు, చెల్లి తలుపు వేసుకుంటోంది.