మత్సుయామాలో షికి మ్యూజియం: జపనీస్ రానివాళ్ళకి టైం వేస్టా?

మీరు అడిగింది ఇదీ: వచ్చే వేసవిలో అమ్మానాన్నలతో, ఎనిమిదేళ్ళ బాబుతో జపాన్ వస్తున్నారు, హిరోషిమా నుంచి ఒక్కరోజు మత్సుయామా వెళ్దామనుకుంటున్నారు, అక్కడి హైకూ కవి షికి స్మారక మ్యూజియంలో జపనీస్ రానివాళ్ళకి ఏమైనా ఉంటుందా అని.

ఉంటుందండీ. కాకపోతే వెళ్ళేముందు ఒక అరగంట కథ తెలుసుకుని వెళ్ళాలి. నేను రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి నలభై నిమిషాల్లో బయటికొచ్చేశాను. అద్దాల వెనక అన్నీ కుంచెతో రాసిన ఉత్తరాలు, నోటు పుస్తకాలే. ఫోన్ కెమెరాతో అనువాదం చేయిస్తే "చేప, అప్పు, వాన, ధన్యవాదాలు" అని ఏదో వాగింది. అచ్చు అక్షరాల బోర్డుల మీద పనిచేసే యాప్ గొలుసుకట్టు రాత దగ్గర చేతులెత్తేస్తుందని అప్పుడు తెలిసింది. రెండోసారి మా నాన్నని తీసుకెళ్ళాను. రిటైరైన తెలుగు మాస్టారు, జపనీస్ ఒక్క ముక్క రాదు. మూడు గంటలున్నాం. ఈసారి తేడా ఒక్కటే, కథ నాకు ముందే తెలుసు.

ఆ కథ క్లుప్తంగా చెప్తాను. మసావొకా షికి 1867లో మత్సుయామాలోనే పుట్టాడు. ఈ రోజు మనం హైకూ అంటున్న మూడు ముక్కల కవితకి ఆ పేరు స్థిరపడిందీ, దానికో ఆధునిక రూపం వచ్చిందీ ఈయన వల్లే. కళ్ళతో చూసింది చూసినట్టు బొమ్మ గీసినట్టు రాయాలన్నది ఆయన పట్టుదల. 1889లో రక్తం కక్కుకున్నాక "షికి" అని కలం పేరు పెట్టుకున్నాడు. గొంతు చిట్లి రక్తం వచ్చేదాకా కూస్తుందని జపాన్ వాళ్ళు చెప్పుకునే ఒక రకం కోకిల పేరు అది. క్షయ వెన్నెముకకి పాకి, మంచం పట్టి, 1902లో టోక్యోలో పోయాడు. 35 కూడా నిండలేదు.

మ్యూజియం 1981లో తెరిచారు, మత్సుయామాలో వేడినీటి ఊటలున్న దోగో పేటలో, దోగో పార్కులో ఉంటుంది. బయటినుంచి పాతకాలం ధాన్యం కొట్టులా కనిపిస్తుంది. ముందు గోడకి నెలకో షికి హైకూ పెద్ద బ్యానర్‌గా వేలాడదీస్తారు. శాశ్వత ప్రదర్శన రెండు, మూడు అంతస్తుల్లో ఉంది. మొదట ఊరి చరిత్ర వస్తుంది: దెబ్బతిన్న కాలుని వేడినీటి ఊటలో పెట్టి నయం చేసుకున్న కొంగ కథ, కోనో వంశం వాళ్ళ యుజుకి కోట, దోగోలో పుట్టిన ఇప్పెన్ అనే బౌద్ధ భిక్షువు. ఆ కోట ఉన్న చోటే ఇప్పటి పార్కు. లోపల చూసింది బయటికొచ్చి కాళ్ళతో తొక్కవచ్చు. ఈ భాగానికి ఇరవై నిమిషాలు చాలు.

మీరు టైమంతా మూడో అంతస్తుకి దాచుకోండి. అక్కడ ఒక ఇంటి కింది భాగాన్ని మళ్ళీ కట్టి పెట్టారు. చాపల గది, జారుడు తలుపులు, అంతే. మొదటిసారి నేను దాన్ని ఒక చూపు చూసి దాటేశాను.

అది తర్వాత పెద్ద నవలాకారుడైన నత్సుమే సోసెకి అద్దె ఇల్లు. పాత వెయ్యి యెన్ల నోటు మీద మీసాలాయన బొమ్మ ఉండేది చూడండి, ఆయనే. 1895లో సోసెకి మత్సుయామా స్కూల్లో ఇంగ్లిష్ మాస్టారు. నెల జీతం 80 యెన్‌లు, హెడ్మాస్టరు కంటే ఎక్కువ. అదే ఏడాది షికి యుద్ధవార్తలు రాయడానికి చైనా వెళ్ళి, తిరుగు ఓడలో రక్తం కక్కుకుని, ఆస్పత్రి పాలై, కోలుకోవడానికి సొంతూరు వచ్చాడు. వచ్చినవాడు బంధువుల ఇంట్లో ఉండిపోకుండా స్నేహితుడి ఇంట్లో మకాం పెట్టాడు. షికి కింద, సోసెకి పైన. 52 రోజులు.

తరవాత సోసెకి రాసుకున్న జ్ఞాపకాల్లో ఇదంతా ఉంది. రోజూ ఊళ్ళో హైకూ పిచ్చివాళ్ళంతా కింద చేరి గోల. పైన ఈయనకి చదువుకోవడం కుదరదు. చివరికి విసుగొచ్చి తనూ కిందికి దిగి రాయడం మొదలుపెట్టాడు. ఇక షికి గారు కాల్చిన ఈల్ చేప తెప్పించుకుని తినేవాడు, అడక్కుండా, చెప్పకుండా. వెళ్ళిపోయే రోజున "ఆ డబ్బులు నువ్వు కట్టెయ్" అన్నాడట. పైగా పది యెన్‌లు అప్పు తీసుకుని, దారిలో నారాలో దిగి అంతా ఖర్చుపెట్టేశానని ఉత్తరం రాశాడు.

ఇది చెప్పేసరికి నాన్న ఆ గది ముందే నవ్వడం మొదలుపెట్టారు. "మా హాస్టల్లో ఇలాంటివాడొకడు ఉండేవాడురా. నా సబ్బు వాడి, నా తువ్వాలుతో తుడుచుకుని, అరిగిపోయిందని నామీదే అరిచేవాడు." పక్కన ఉన్న జపనీస్ పెద్దావిడ మా వైపు చూసింది. టెన్షన్ పడ్డాను కానీ ఆవిడ కూడా నవ్వింది.

ఆ నారా ప్రయాణంలోనే షికి అందరికీ తెలిసిన హైకూ పుట్టింది. కకి పండు తింటుంటే హోర్యూజి గుడి గంట మోగిందని. కకి అంటే నారింజరంగు టమాటాలా కనిపించే పండు. నాన్న "కాకి తింటే గంట మోగిందా?" అన్నారు. రెండు నిమిషాలు పట్టింది సర్దిచెప్పడానికి. తర్వాత ఆయనే లెక్కవేశారు: "అంటే ఆ పండు కూడా మాస్టారి జీతంలోదే."

షికి 1898లో తన సమాధి ఫలకం మీద ఏం ఉండాలో తనే రాసిపెట్టాడు. చివరి మాట "నెల జీతం 40 యెన్‌లు". చచ్చాక కూడా జీతం చెప్పుకున్న కవి ఇంకెవరైనా ఉన్నారేమో మా నాన్నకి తెలియదు, నాకూ తెలియదు.

చివరి మూడు హైకూల దగ్గర మాత్రం నవ్వలేదు. అవి చనిపోయే ముందురోజు చెల్లెలు పట్టుకున్న బోర్డు మీద రాసినవి. మూడిట్లోనూ "హెచిమా" ఉంది. అదేం చెట్టని అడిగితే ఫోన్‌లో బొమ్మ చూపించాను. "నేతిబీర కదరా! మన పెరట్లో గోడ మీద ఉండేది." తీగ కోసి కారే నీళ్ళు పడితే కఫానికి మందని అప్పట్లో వాళ్ళ నమ్మకం. ఒక హైకూలో పువ్వు పూసింది, కఫంతో గొంతు మూసుకుపోయినవాడు బుద్ధుడైపోయాడు. ఒకదాంట్లో కఫం అంత ఉంటే ఆ నీళ్ళు ఏం సరిపోతాయి అని. ఇంకోదాంట్లో మొన్న పట్టాల్సిన నీళ్ళు పట్టనే లేదని. ఇప్పటికీ ఆయన వర్ధంతిని, సెప్టెంబర్ 19ని, నేతిబీర పేరుతోనే పిలుస్తారు. నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత "నేతిబీరలో నెయ్యెంతో ఆ మందులో మందంత" అని గొణిగారు.

మీ బాబుకి బేస్‌బాల్ సంగతి చెప్పండి. షికికి ఆ ఆట పిచ్చి. బ్యాటర్, రన్నర్ లాంటి మాటలకి ఆయన చేసిన జపనీస్ అనువాదాలే ఇప్పటికీ వాడుతున్నారు. 2002లో జపాన్ బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో పేరు చేర్చారు. కవిని అలా చేర్చడం నాకైతే భలే నచ్చింది.

ఊళ్ళో చాలాచోట్ల హైకూ పెట్టెలుంటాయి. చీటీ మీద హైకూ రాసి వేస్తే నగరపాలక సంస్థ వాళ్ళు తీసి, మంచివి ఎంపిక చేస్తారు. నాన్న పెన్ను తీసి తెలుగులోనే మూడు పాదాలు రాశారు, అడ్రసు గళ్ళలో తెనాలి ఇంటి అడ్రసు పిన్‌కోడ్‌తో సహా. ఎవరు చదువుతారు నాన్నా అంటే, "వేసేవాడి పని వేయడం" అన్నారు. ఏం రాశారో నాకు చూపించలేదు.

ఇక మీకు పనికొచ్చే ముక్కలు. హిరోషిమా రేవు నుంచి స్పీడు బోటులో గంటా పది నిమిషాలకి కాస్త అటూఇటూ. పెద్ద ఫెర్రీ చవక, రెండున్నర గంటల పైమాట. ఊళ్ళో ట్రామ్ ఎక్కి చివరి స్టాప్ దోగో ఆన్సెన్‌లో దిగితే మ్యూజియంకి ఐదు నిమిషాల నడక. వారంలో ఒకరోజు మూసేస్తారు, ముందురోజే చూసుకోండి. ఫొటోలు అన్నిచోట్లా తీయనివ్వరు. శాకాహారులైతే దోగోలో కష్టమే, సూప్‌లో కూడా చేప రసం ఉంటుంది. మేం పులిహోర కట్టుకెళ్ళి పార్కు బెంచీ మీద తిన్నాం. దోగో స్నానశాల 1894 నాటి భవనం, మరమ్మతులన్నీ 2024లో పూర్తయ్యాయి. అందరి ముందూ బట్టల్లేకుండా స్నానమంటే మా నాన్న గుమ్మంలోనే ఆగిపోయారు, మీ వాళ్ళని ముందే అడగండి. బయట కాళ్ళు పెట్టుకునే వేడినీటి తొట్టి ఉంది, అది అందరికీ నచ్చుతుంది.