టెక్సాస్ బడి పుస్తకాలు ఎవరి ఆస్తి?

ఒడిశాలోని గుణుపురం నుంచి ఒక చెల్లెలు అడిగింది: "అన్నయ్యా, ఆగస్టులో డాలస్ వస్తున్నాం. బాబు ఐదో తరగతి. పుస్తకాలు కొనాలా? ఇంటికే ఇవ్వరట, పుస్తకం పోతే బాబు మార్కులూ అవీ ఉండే రికార్డులు ఆపేస్తారట. చాలా టెన్షన్‌గా ఉంది."

కొనక్కర్లేదమ్మా. టెక్సాస్ ప్రభుత్వ బడుల్లో పాఠ్యపుస్తకాలు ఉచితం. 1918లోనే దీనికోసం రాష్ట్ర రాజ్యాంగాన్ని సవరించారు. కానీ ఉచితం కదా అని పుస్తకం మనదైపోదు. పర్లాకిమిడిలోనైనా, రాయగడలోనైనా అక్క చదివిన పుస్తకం తమ్ముడికి, తర్వాత పక్కింటి పిల్లకి వెళ్తుంది. అక్కడ అలా కుదరదు. పుస్తకం స్కూల్ డిస్ట్రిక్ట్ (ఆ ప్రాంతంలోని బడులను నడిపే స్థానిక సంస్థ) ఆస్తి అని చట్టంలోనే రాసి ఉంది. ఏడాది చివర, లేదా బడి మారేటప్పుడు తిరిగి ఇచ్చేయాలి. పెన్నుతో గీతలు గీయొద్దని బాబుకి ఇప్పటి నుంచే చెప్పు. మనం వేసే అట్టలు అక్కడా వేయి. బడివాళ్ళు పుస్తకం ఇచ్చిన రోజే పేజీలన్నీ తిప్పి చూసి, చిరిగినవి ఉంటే టీచర్‌కి ఆ రోజే ఈమెయిల్ పెట్టు. బడి ఇచ్చే లాప్‌టాప్‌కీ ఇదే పద్ధతి.

పుస్తకం పోగొడితే డబ్బు కట్టాలి. కట్టేదాకా ఉచిత పుస్తకాల హక్కు ఆగుతుంది, రికార్డులు ఆపే అధికారమూ వాళ్ళకుంది. ఉద్యోగం కోసం ఊళ్ళు మారే మనవాళ్ళకి ఇబ్బంది వచ్చేది ఇక్కడే, కాబట్టి బాకీ ఉంచుకోవద్దు. అయితే బడి వేళల్లో పుస్తకం వాడుకోనివ్వాల్సిందే. ఆదాయం తక్కువైతే మాఫీ చేయొచ్చు, తగ్గించొచ్చు. ఈ బాకీ పేరుతో డిప్లొమా (హైస్కూల్ పూర్తిచేస్తే ఇచ్చే సర్టిఫికెట్) మాత్రం ఆపకూడదు. ఎవరైనా అలా బెదిరిస్తే నమ్మకు.

ఇంటికి ఇవ్వరన్నది సగమే నిజం. చాలా బడుల్లో పుస్తకాలు తరగతిలోనే ఉంటాయి. కానీ తల్లిదండ్రులు అడిగితే, అందుబాటులో ఉన్నంతవరకు ఇంటికి పంపాలని చట్టం చెబుతోంది. టీచర్ కోరితే మర్నాడు పొద్దున్నే తిరిగి ఇవ్వాలి. మొహమాటపడకుండా అడుగు.

ఇక నువ్వు అడగనిది, నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఒకటుంది. ఆ పుస్తకాలను ఎవరు ఎంచుతారు? ఎన్నికైన 15 మంది సభ్యుల రాష్ట్ర విద్యా బోర్డు వాటిని పరిశీలించి ఆమోదిస్తుంది. ఏది వాడాలో డిస్ట్రిక్ట్ తేల్చుకుంటుంది. 2024 నవంబరులో, ఐదో తరగతి దాకా బైబిల్ కథలు కలిపిన 'బ్లూబానెట్' అనే పాఠాలను బోర్డు 8–7 ఓట్లతో ఆమోదించింది. వాటిని వాడటం తప్పనిసరి కాదు, కానీ వాడే డిస్ట్రిక్ట్‌లకు పిల్లవాడికి ఏటా 60 డాలర్ల దాకా అదనంగా వస్తుంది. పిల్లల పుస్తకం ఏ భాషలో ఉండాలో వేరెవరో నిర్ణయిస్తే ఎలా ఉంటుందో, 1936లో ఒడిశాలో కలిసిన మన సరిహద్దు తెలుగువాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. వీసా మీద ఉన్నవాళ్ళకి ఓటు లేకపోయినా, బోర్డు సమావేశాల్లో మాట్లాడొచ్చు. పాఠాలు చూపించమని బడిని అడిగే హక్కు తల్లిగా నీకుంది. బాబుని చేర్పించే రోజే, ఏ పాఠాలు వాడుతున్నారో కనుక్కో.