ఊరి చెరువు మీద పక్షుల లెక్క: రాని పక్షిని కూడా రాయండి

సింగరాయకొండ దగ్గరున్న మీ ఊరి చెరువుకు చలికాలంలో వచ్చే పక్షులను లెక్కపెట్టి రాయాలనుకుంటున్నారు. మామూలు మనిషి రాసిన లెక్క పరిశోధనకు నిజంగా పనికొస్తుందా, పనికొచ్చేటట్టయితే ఎలా రాయాలి, ఖరీదైన కెమెరా తప్పనిసరా అని అడిగారు. నేను నెల్లూరు జిల్లాలో జీవశాస్త్రం చెప్పిన ఉపాధ్యాయుణ్ణి. కావలి వైపున మా ఊరి చెరువు మీద పక్షులను 2004 నుంచి రాస్తున్నాను. మీ లెక్క తప్పకుండా పనికొస్తుంది, కాని కనబడిన పక్షితో పాటు కనబడని పక్షిని కూడా రాసినప్పుడే. ఈ మాట తెలుసుకోవడానికి నాకు ఐదేళ్లు పట్టింది కనుక కొంచెం వివరంగా చెబుతాను.

ఆ మొదటి ఐదేళ్ల నోటుపుస్తకాలు ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి. మనసుకు నచ్చిన పక్షి కనబడిన రోజునే రాసేవాణ్ణి: “గూడబాతులు (పెలికన్లు) చాలా వచ్చాయి”, “ఎర్రకాళ్ల కొంగలు మూడు, ఉదయం”. ఏ రోజు వెళ్లి ఏమీ చూడకుండా తిరిగి వచ్చానో ఎక్కడా లేదు. కొంగల మీద పరిశోధన చేస్తున్న ఒక విద్యార్థిని ఒకసారి మా ఇంటికి వచ్చి, రెండు రోజులు కూర్చుని ఆ పుస్తకాలు చదివింది. 2006 డిసెంబరు పేజీ మీద వేలు పెట్టి, “మాస్టారూ, ఈ నెలంతా నత్తగుల్ల కొంగ పేరే లేదు. కొంగలు రాలేదా, మీరు చెరువుకు వెళ్లలేదా?” అని అడిగింది. ఆలోచించాను, గుర్తు రాలేదు. ఆ అమ్మాయి ఎంతో మర్యాదగా పుస్తకాలు మూసి నాకు తిరిగి ఇచ్చింది. ఐదేళ్ల శ్రమలో ఆమె తీసుకువెళ్లగలిగిన అంకె ఒక్కటీ లేదు. ఆ బాధ నాకు ఇంకా తగ్గలేదు, అందుకే మీరు మొదలుపెట్టకముందే చెబుతున్నాను.

ఆ తరువాత పద్ధతి మార్చాను. చెరువు కట్ట మీద మూడు చోట్లు ఎంచుకున్నాను: తూము దగ్గర ఒకటి, కలుజు దగ్గర ఒకటి, మేత పొలాల వైపు మలుపులో ఒకటి. ప్రతి ఆదివారం సూర్యోదయం నుంచి ఒక్కొక్క చోట ఇరవై నిమిషాలు నిలబడి, నాకు గుర్తుపట్టడం వచ్చిన ప్రతి పక్షినీ, బుడుబుంగలనూ నీటికాకులనూ సైతం వదలకుండా రాస్తాను. గుర్తుపట్టలేని దానిని “తెలియని ఉల్లంకి, 4” అని రాస్తానే గాని ఊహించి పేరు పెట్టను. మొదలుపెట్టిన సమయం, ముగించిన సమయం, మబ్బు, గాలి రాస్తాను. నీటి మట్టానికి కొలబద్ద లేదు కనుక తూము దగ్గర ఎన్ని మెట్లు మునిగాయో లెక్కపెట్టి రాస్తాను. మా చెరువుకు రావలసిన పన్నెండు పక్షుల పేర్లు ముందే వరుసగా రాసుకుని, రానివాటి ఎదుట సున్నా పెడతాను.

ఆ సున్నాలే నాకు మా చెరువు సంగతి చెప్పాయి. నత్తగుల్ల కొంగ ఉత్తరాదిన వానాకాలంలో గూడు కడితే, మన వైపు ఈశాన్య రుతుపవనాల వానలకు చెరువులు నిండాక కడుతుంది. ఇది పుస్తకాలలో ఉన్నదే. మా చెరువులో నీటి నడుమ నిలిచిన నల్లతుమ్మ చెట్ల మీద అవి గూళ్లు కట్టిన ప్రతి సంవత్సరమూ, డిసెంబరు మొదటి వారానికి తూము మెట్లలో కనీసం ఆరు మునిగి ఉన్నాయి. నాలుగు, ఐదు మెట్ల దగ్గర నీరు ఆగిపోయిన సంవత్సరాలలో పక్షులు వచ్చి, కొన్ని రోజులు చెట్ల మీద వాలి, గూడు కట్టకుండానే వెళ్లిపోయాయి. నీరు తగ్గితే తుమ్మల మొదళ్ల దాకా నడిచి పోవచ్చు. కుక్కలూ పోతాయి, మనుషులూ పోతారు. వరిపొలాలకు నీరందక, ఆ కొంగలకు మేత అయిన నత్తలు కూడా తగ్గుతాయి. ఈ రెండింటిలో ఏది ముఖ్యమో ఒక్క చెరువు లెక్కతో తేల్చలేము. మీ చెరువు లెక్క కూడా ఇదే పద్ధతిలో ఉంటే ఆ ప్రశ్నను ముందుకు తీసుకువెళ్లవచ్చు. మీ ప్రశ్న చూసి నాకు సంతోషం కలగడానికి అసలు కారణం అదే.

ఇక పెద్ద పరిశోధనలలో ఇటువంటి లెక్కలను ఎలా వాడతారో చెబుతాను. 2023లో వెలువడిన భారతదేశ పక్షుల స్థితి నివేదిక 942 జాతులను పరిశీలించింది. దానికి ఆధారం 30,000 మందికి పైగా పక్షి ప్రేమికులు ఈ-బర్డ్‌లో (చూసిన పక్షులను నమోదు చేసే ఆన్‌లైన్ వేదిక) చేర్చిన సుమారు మూడు కోట్ల నమోదులు. దసరా నాడు మనం వెతుక్కుని చూసే పాలపిట్ట దేశంలో 30 శాతానికి పైగా తగ్గిందని ఆ నివేదికలోనే తేలింది. దేశంలోని పాలపిట్టలను ఎవరూ ఒక్కొక్కటిగా లెక్కపెట్టలేదు. పూర్తి జాబితాలు వంద ఉంటే, అందులో ఎన్నింటిలో పాలపిట్ట ఉంది అని ఏటేటా పోల్చి చూశారు. అంటే “చూసిన పక్షులన్నీ రాశాను” అని చెప్పే జాబితా అయితేనే, అందులో పాలపిట్ట పేరు లేకపోవడానికి అర్థం ఉంటుంది. అరుదైన వాటిని మాత్రమే ఏరి రాసిన జాబితా ఈ పనికి రాదు. నా మొదటి ఐదేళ్ల పుస్తకాలు సరిగ్గా ఇందుకే చెల్లలేదు. జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచి సాగుతోంది. దానికీ మీ చెరువు లెక్కను పంపవచ్చు, పక్షులు లేకపోయినా పంపవచ్చు.

కనబడని పక్షి నుంచి కూడా శాస్త్రం ఎంత రాబట్టగలదో తెలియడానికి మన పెన్నా నది పరిసరాలకు చెందిన కలివికోడి (జెర్డన్స్ కోర్సర్) అనే పక్షి కన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన టి.సి. జెర్డన్ ఈ పక్షిని శాస్త్రలోకం దృష్టికి తెచ్చారు. 1848లో ఎడ్వర్డ్ బ్లైత్ దానిని వర్ణించి పేరు పెట్టారు. 1900 తరువాత దాని జాడ లేక, అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్, పక్షులు పట్టడంలో ఆరితేరిన స్థానికుల సాయంతో, కడప జిల్లా చిట్టడవిలో దానిని మళ్లీ కనుగొన్నారు. రాత్రి మాత్రమే తిరిగే ఆ పక్షిని లెక్కించడానికి తరువాతి కాలంలో పి. జగన్నాథన్, ఆయన సహచరులు ఎంచుకున్న పద్ధతి చూడండి: పొదల మధ్య మెత్తని మట్టి పట్టీలు పరచి, ఉదయాన్నే వాటి మీద అడుగుల జాడలు వెతికారు. జాడ పడిన పట్టీ ఎంత ముఖ్యమో, పడని పట్టీ అంతే ముఖ్యం. రెండింటినీ పోల్చబట్టే, పొదలు మరీ దట్టంగా ఉన్న చోటా మరీ పలచగా ఉన్న చోటా అది తక్కువనీ, మధ్యస్థంగా ఉన్న చిట్టడవే దానికి కావాలనీ చెప్పగలిగారు. ఏ పొదలు కొట్టకూడదో చెప్పడానికి ఆధారం అటువంటి లెక్కల నుంచే వస్తుంది.

మీ చెరువులో గూళ్లు ఉంటే ఒక జాగ్రత్త. పక్షుల లెక్క వేరు, గూళ్ల లెక్క వేరు. మేతకు పోయిన పక్షి లెక్కకు అందదు గాని గూడు ఉన్నచోటే ఉంటుంది. పక్షి కూర్చుని ఉన్న గూటిని, పిల్లలున్న గూటిని, ఖాళీ గూటిని విడివిడిగా రాయండి. అయితే దగ్గరికి పోవద్దు. నేను ఒకసారి ఎనిమిదో తరగతి పిల్లలను వెంటబెట్టుకుని, మోకాలి లోతు నీళ్లలో తుమ్మల కిందికి వెళ్లాను. కొంగలన్నీ ఒక్కసారిగా లేచాయి. పది నిమిషాలైనా కాకముందే కాకులు దిగి గూళ్లలో గుడ్లు పొడవడం మొదలుపెట్టాయి. ఒక గుడ్డు మా ముందే నీళ్లలో పడి పగిలింది, పిల్లలు ఎవరూ మాట్లాడలేదు. ఆ నాటి నుంచి కట్ట దిగలేదు. నేలపట్టులో గూడబాతుల గూళ్లను కూడా దూరం నుంచే చూడాలి. 1976లో సంరక్షణ కేంద్రంగా ప్రకటించిన ఆ చెరువు 2022 విభజన తరువాత తిరుపతి జిల్లాలోకి వెళ్లింది గాని, మా జిల్లా వాళ్లం ఇంకా మాదనే అనుకుంటాము. నీటిలో నిలిచిన, కడప అని పిలిచే చెట్ల మీద కట్టిన గూళ్లను అక్కడ గట్టు మీద నిలబడి తీరికగా లెక్కపెట్టవచ్చు. మీరు మొదలుపెట్టే ముందు ఒకసారి వెళ్లి ఒక పూట అక్కడ సాధన చేయండి.

కెమెరా అవసరం లేదు. 8×42 బైనాక్యులర్ (ఎనిమిది రెట్లు పెద్దగా చూపేది, ముందు కటకం 42 మి.మీ.) ఒకటి చాలు. పెద్ద గుంపు వచ్చినప్పుడు ముందుగా పది పక్షులను విడిగా లెక్కపెట్టండి. ఆ పది పక్షులు ఎంత చోటు ఆక్రమించాయో కంటికి పట్టాక, అంత చోటును కొలతగా పెట్టుకుని గుంపు మీదుగా ఎడమ నుంచి కుడికి జరపండి. రెండుసార్లు లెక్కపెట్టి, రెండు అంకెలూ రాయండి. సగటు తీసి ఒక్కటే రాయవద్దు, ఆ తేడా కూడా పరిశోధకులకు కావాలి.

ఈ వారాంతంలోనే మొదలుపెట్టండి. మీ చెరువుకు ఏ పక్షులు వస్తాయో చేపలు పట్టేవారినీ, తూము చూసే పెద్దాయననూ అడిగి, పేర్లు వారు పలికినట్టే పుస్తకం మొదటి పేజీలో రాసుకోండి. శాస్త్రీయ నామాలు తరువాత నేను చేర్చి పంపుతాను. మొదటి ఆదివారం చెరువు ఖాళీగా ఉంటే, ఆ పేర్లన్నిటి ఎదుట సున్నా పెట్టి, తేదీ, సమయం, మునిగిన మెట్ల సంఖ్య రాసి, ఆ పేజీని ఫొటో తీసి ఇక్కడే పెట్టండి. నా 2006 డిసెంబరు పేజీలో లేనిది అదే.