టెక్ సందేహాలు: గుప్పున వెలిగి ఆరిపోయిన ఎల్‌ఈడీ

ప్రశ్న: ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి బడి ప్రాజెక్టు కోసం టార్చిలైటు తయారు చేస్తోంది. గోడ గడియారంలో వేసే సెల్ ఒకటి పెడితే తెల్ల ఎల్‌ఈడీ వెలగనే లేదు. 9 వోల్టుల బ్యాటరీ తగిలిస్తే గుప్పున వెలిగి ఆరిపోయింది. ఎల్‌ఈడీ నాసిరకమా?

జవాబు: ఎల్‌ఈడీ మంచిదేనండీ. మొదటిసారి వోల్టేజీ చాలక వెలగలేదు, రెండోసారి ఎక్కువై మాడిపోయింది. ఎర్ర ఎల్‌ఈడీకి సుమారు 2 వోల్టులు సరిపోతాయి, తెల్లదానికి 3 దాటాలి. తెల్లది అంటున్నాం గానీ లోపల ఉన్నది నీలి కాంతినిచ్చే చిప్పు. దాని మీది పసుపు పూత ఆ నీలంలో కొంత భాగాన్ని పసుపుగా మారుస్తుంది, రెండూ కలిసి మన కంటికి తెలుపు. నీలి కాంతికి శక్తి ఎక్కువ కావాలి, అందుకే ఆ అదనపు వోల్టు. ఈ నీలి ఎల్‌ఈడీని సాధించినందుకే అకాసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ దక్కింది. ప్రాజెక్టు చార్టు మీద ఈ సంగతి తప్పక రాయించండి.

ఇక అసలు కిటుకు రెసిస్టర్, అంటే కరెంటును అడ్డుకుని తగ్గించే చిన్న భాగం. ఎల్‌ఈడీకి తనంతట తాను కరెంటును అదుపు చేసుకోవడం రాదు, వోల్టేజీ కాస్త పెరిగినా కరెంటు ఒక్కసారిగా ఎగబాకుతుంది. మూడు సెల్స్ వరసగా కలిపితే 4.5 వోల్టులు. అందులో ఎల్‌ఈడీకి 3.2 పోగా మిగిలింది 1.3. చిన్న ఎల్‌ఈడీకి 20 మిల్లీ ఆంపియర్ల కరెంటు, అంటే 0.02 ఆంపియర్లు, చాలు. 1.3ను 0.02తో భాగిస్తే కావలసిన రెసిస్టర్ కొలత వస్తుంది, 65 ఓమ్‌లు. దుకాణంలో దానికి దగ్గరగా దొరికే 68 ఓమ్‌లది అడగండి. దాని ఒంటి మీద నీలం, బూడిద, నలుపు, చివర బంగారు రంగు చారలుంటాయి. ఈ లెక్క మీరు చేసిపెట్టకుండా అమ్మాయి చేతనే చేయించండి. ఎల్‌ఈడీ పొడవు కాలు ప్లస్. కాళ్లు కత్తిరించేసి ఉంటే అంచు తడిమి చూడమనండి, చదునుగా తగిలే వైపు మైనస్.

పాత ఫోను లిథియం బ్యాటరీ మాత్రం పిల్లల చేతికి ఇవ్వకండి. తీగలు పొరపాటున తగిలితే మంటలు రావచ్చు.

ప్రశ్న: ఇలాంటి టార్చిలో నాలుగు ఎల్‌ఈడీలు పెట్టవచ్చా?

జవాబు: పెట్టవచ్చు. కానీ నాలుగింటికీ ఒకే రెసిస్టర్ వద్దు. ఏ రెండు ఎల్‌ఈడీలూ అచ్చం ఒకేలా ఉండవు, తక్కువ వోల్టేజీకే వెలిగేది ఎక్కువ కరెంటు లాగేసుకుని ముందు పోతుంది. దేనికి దానికి 68 ఓమ్‌లది విడిగా కలపండి.