నోటీసు అన్న తీసుకున్నాడు, సమన్లు నాకొచ్చాయి

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. పిల్లల చదువు కోసం మిర్యాలగూడలో కిరాయికి ఉంటున్నాం. ఆధార్, బ్యాంకు ఖాతా ఊరి చిరునామా మీదే ఉన్నాయి. పోయిన వానాకాలం ఎరువుల వ్యాపారికి పూచీగా సంతకం పెట్టిన ఖాళీ చెక్కు ఇచ్చాను. పత్తి అమ్మాక రెండున్నర లక్షలు కట్టాను. అయినా ఆయన నాలుగు లక్షలు రాసి బ్యాంకులో వేశాడు, బౌన్స్ అయింది. వకీలు నోటీసు ఊరికి వస్తే, భూమి పంపకాల తగాదాతో నాతో మాటల్లేని మా అన్న సంతకం పెట్టి తీసుకుని దాచేశాడు. నాలుగు రోజుల కిందట సమన్లు వచ్చాయి. నోటీసు అందలేదు కాబట్టి కేసు కొట్టేస్తారా? వాయిదాకు పోకుండా ఊరుకొమ్మని దోస్తులంటున్నారు.

జవాబు: మీ అన్న సంగతి పక్కన పెట్టండి. ఈ కేసు ఆయన దగ్గర తేలదు. సరైన చిరునామాకు రిజిస్టర్ పోస్టులో పంపిన నోటీసు, అందలేదని రుజువు కాకపోతే, అందినట్లేనని జనరల్ క్లాజెస్ చట్టం 27వ సెక్షన్ అంటుంది. ఆ చిరునామా మార్చుకోనిది మీరే. పైగా అలవి హాజీ కేసులో సుప్రీంకోర్టు 2007లోనే తేల్చింది: నోటీసు అందలేదనేవాళ్లు సమన్లు అందిన 15 రోజుల్లో చెక్కు మొత్తం కట్టి, కేసు తిరస్కరించమని కోరవచ్చు. కట్టకపోతే ఇక ఆ వాదన నిలవదు. మీకు నాలుగు రోజులు అప్పుడే పోయాయి.

కానీ మీ అసలు బలం నోటీసులో లేదు, కట్టిన ఆ రెండున్నర లక్షల్లో ఉంది. చెక్కు ఇచ్చాక కొంత బాకీ తీరితే, ఆ జమ చెక్కు మీద రాయకుండా మొత్తానికి బ్యాంకులో వేస్తే 138 సెక్షన్ (చెక్కు బౌన్స్) నేరం కాదని దశరథ్‌భాయ్ పటేల్ కేసులో 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే కట్టినట్టు రుజువేది? ఆ మాటే మీరు రాయలేదు. ఖాళీ చెక్కు చేతిలో పెట్టి, పైసలు కట్టినప్పుడు రసీదు అడగకపోవడం ఎంత అజాగ్రత్త! ఖాళీ చెక్కయినా సంతకం మీదైతే బాకీ ఉన్నట్టే కోర్టు ముందుగా భావిస్తుంది. కాదని చూపే భారం మీదే. ఫోన్‌పే వివరాలు, బ్యాంకు స్టేట్‌మెంట్, పత్తి అమ్మిన తక్‌పట్టీ (అమ్మకం చిట్టీ), వ్యాపారి ఖాతా పుస్తకంలో జమ రాసిన పేజీ ఫొటో, ఆయన పంపిన వాట్సాప్ మెసేజ్‌లు, ఏది దొరికితే అది తీయండి. ఫోన్ మార్చకండి, ఏదీ డిలీట్ చేయకండి.

సమన్లతో వచ్చిన ఫిర్యాదు కాపీలో తేదీలు చూడండి. చెక్కు వాపసు సమాచారం బ్యాంకు నుంచి వ్యాపారికి అందిన 30 రోజుల్లోపు నోటీసు పంపాలి. అది దాటితే మన్నించే అధికారం కోర్టుకు లేదు. నోటీసు అందాక డబ్బు కట్టడానికి 15 రోజులు మీకు గడువు, ఆ తర్వాత నెలలోపు ఆయన ఫిర్యాదు వేయాలి. ఇక్కడ ఆలస్యానికి తగిన కారణం చూపితే కోర్టు మన్నించవచ్చు.

వాయిదాకు పోవద్దన్న సలహా మాత్రం చెవిన పెట్టకండి. ముందు వారెంటు, తర్వాత నాన్‌బెయిలబుల్ వారెంటు. రేపు పోలీసులు ఇంటికొస్తే ఆ దోస్తులెవరూ మీ పక్కన నిలబడరు. ఇంకెప్పుడైనా సమన్లు తీసుకోకుండా తిప్పి పంపాలనీ అనుకోకండి. నిరాకరించారని పోస్టుమ్యాన్ రాస్తే చాలు, అందినట్లే కోర్టు ప్రకటించవచ్చు.

ఈ వారమే దేవరకొండలో వకీలును పెట్టుకోండి. స్తోమత లేకపోతే మండల న్యాయ సేవల కమిటీలో అడగండి. మొత్తం బాకీ నాలుగు లక్షలే అయితే, మిగిలిన లక్షన్నర ఎటూ మీదే. అది కట్టడానికి సిద్ధమని వకీలు ద్వారా చెప్పించండి. ఇద్దరూ ఒప్పుకుంటే చెక్కు కేసు లోక్ అదాలత్‌లో రాజీతో ముగుస్తుంది.