ఫ్లో సైటోమీటరుతో బ్యాక్టీరియాను లెక్కించబోయే మేనకోడలికి

అమ్మా, ఆశీస్సులు.

విశాఖ హార్బరు నీటిలోనూ, భీమిలి దగ్గర గోస్తనీ సముద్రంలో కలిసే చోటా బ్యాక్టీరియాను లెక్కించే పని నీకు అప్పగించారని తెలిసి ఎంతో సంతోషించాను. ఫ్లో సైటోమీటరు నీటిలోని కణాలను ఒక్కొక్కటిగా లేజరు ముందు నుంచి పంపి, అవి ఇచ్చే కాంతిని బట్టి ఒక్కోదాన్ని ఒక చుక్కగా చూపే యంత్రం. అది చూపే చుక్కల్లో ఏవి బ్యాక్టీరియా కావో ముందు తేల్చుకున్నాకే లెక్క మొదలుపెట్టమని నా మొదటి మాట.

సముద్రపు బ్యాక్టీరియా చాలావరకు 1 మైక్రాను కంటే చిన్నవి కనుక అవి వెదజల్లే కాంతి అత్యల్పం. డిటెక్టరు నాయిస్, నమూనా చుట్టూ ప్రవహించే షీత్ ద్రవంలోని ధూళి కూడా ఇంచుమించు అంతే సంకేతాన్ని ఇస్తాయి. అందుచేత త్రెషోల్డును, అంటే ఎంత సంకేతం దాటితే కణంగా నమోదు చేయాలనే హద్దును, స్కాటర్ (వెదజల్లిన కాంతి) మీద కాక, డీఎన్ఏకు అంటుకునే సైబర్ గ్రీన్ రంగు పట్టిన కణాలు లేజరు తగిలినప్పుడు ఇచ్చే ఆకుపచ్చ వెలుగు (ఫ్లోరెసెన్స్) మీద పెట్టు. ఆ తరువాత అదే నమూనాను 0.1 మైక్రాన్ల ఫిల్టరులో వడగట్టి, అదే రంగు కలిపి, చీకట్లో అంతే సేపు ఉంచి, అవే సెట్టింగులతో నడిపి చూడు. అప్పుడు కూడా నీ గేటులో (బ్యాక్టీరియావని నువ్వు తెర మీద చుక్కల చుట్టూ గీసుకున్న హద్దులో) పడేవాటిని బ్యాక్టీరియాగా లెక్కించకూడదు. డిస్టిల్డ్ వాటరుతో చేసిన బ్లాంకు (బ్యాక్టీరియా లేని పోలిక నమూనా) దీనికి బదులు కాదు. నమూనాలో కరిగి ఉన్న పదార్థాల వల్ల వచ్చే వెలుగు అందులో కనబడదు. రంగు వేయని నమూనాను కూడా నడపడం మరచిపోవద్దు. వానాకాలంలో నది తెచ్చే బురద రేణువులు, సైనెకోకాకస్ వంటి, రంగు వేయకున్నా లేజరు కింద వెలిగే జీవులు అందులోనే బయటపడతాయి. ఆకుపచ్చ, ఎరుపు ఫ్లోరెసెన్సులను ఎదురెదురుగా గీస్తే వాటిని చాలావరకు వేరుచేయవచ్చు.

ఇక సాంద్రత సంగతి. మిల్లీలీటరుకు 10 లక్షల కణాలున్న నీటిని నిమిషానికి 60 మైక్రోలీటర్ల చొప్పున పంపితే సెకనుకు 1,000 కణాలు లేజరు ముందు నుంచి వెళతాయి. హార్బరు నీటిలో అంతకంటే ఎక్కువ ఉంటే, రెండు కణాలు ఒకేసారి వెళ్లి ఒకటిగా నమోదై, లెక్క తగ్గిపోతుంది. కనుక ప్రతి కొత్త చోటి నీటినీ వడగట్టిన బఫరుతో రెండింతలు, నాలుగింతలు, పదింతలు పలుచన చేసి చూడు; పలుచనకు తగినట్టే సంఖ్య తగ్గిన మేరకే దానిని నమ్ము. గుత్తులుగా అంటుకున్న కణాలు కూడా ఒకటిగానే పడతాయి కాబట్టి నమూనాను నడిపే ముందు వర్టెక్స్ చేయడం (యంత్రంతో వేగంగా గిలకరించడం) తప్పనిసరి.

ఘనపరిమాణం కోసం సాంద్రత తెలిసిన బీడ్లు (నమూనాలో కలిపే సన్నని గోళాలు) వాడేటట్లయితే, అవి అడుగుకు చేరతాయి కనుక ప్రతిసారీ బాగా కలిపి తీసుకో. పెట్రిప్లేటు మీది కాలనీల లెక్క దీనికంటే ఎంతో తక్కువ వస్తే కంగారు పడవద్దు. సముద్రపు బ్యాక్టీరియాలో అధికభాగం ప్లేటు మీద పెరగవు. పోల్చిచూడాలంటే కొన్ని నమూనాలకు డీఎన్ఏకు పట్టే డాపి రంగు వేసి, ఆ రంగు వెలుగును చూపే ఎపిఫ్లోరెసెన్స్ మైక్రోస్కోపు కింద లెక్కపెట్టు. రెండు లెక్కలూ కలవని చోట గేటు జరపడానికి తొందరపడక, ముందు బ్లాంకును మళ్లీ నడిపించు.

మీ మామయ్య