హైబ్రిడ్ మైలేజీ: స్క్రీన్‌లో ఒకటి, యాప్‌లో ఒకటి, చేతిలెక్కలో ఇంకోటి

ప్రశ్న: హైబ్రిడ్ కారు కొని నాలుగు నెలలైంది. డ్యాష్‌బోర్డ్ లీటరుకి 27.4 చూపిస్తోంది, ఫుల్ ట్యాంక్ కొట్టించి నేను లెక్కేస్తే 24.1 వచ్చింది, ఓబీడీ డాంగిల్ (స్టీరింగ్ కింద కారు కంప్యూటర్ పోర్ట్‌లో గుచ్చే చిన్న బ్లూటూత్ పరికరం) పెట్టి యాప్‌లో చూస్తే 31. ఏది నమ్మాలి? కార్లో ఏమైనా ప్రాబ్లమా?

జవాబు: ఈ మూడు నంబర్లు చూసి కార్లో ప్రాబ్లం ఉందనలేం. నంబర్లు మారుతున్నాయి గానీ ఇదే ప్రశ్న నాకు వస్తూనే ఉంది, అందుకే ఈసారి వివరంగా రాస్తున్నా. మూడింట్లో నిజానికి దగ్గరగా ఉన్నది మీ చేతిలెక్కే, కాకపోతే ఒక్క ఫిల్లింగ్‌తో తేల్చేశారు కాబట్టి అదీ ఇంకా నమ్మేంత కాదు.

బంకులో గన్ క్లిక్‌మని ఆగిందంటే ట్యాంక్ అంచుదాకా నిండిందని కాదు, గన్ మూతి దాకా పెట్రోలో నురగో వచ్చిందని అంతే. పంపు ఎంత స్పీడుగా కొట్టింది, కారు ఎటు వాలి ఉంది అన్నదాన్ని బట్టి ఓ లీటరు అటూ ఇటూ అవుతుంది. మీరు 15 లీటర్లే పోయించుకుంటే ఆ ఒక్క లీటరే దాదాపు 7 శాతం తేడా కొట్టేస్తుంది. అదే పది ఫిల్లింగులు కలిపి 300 లీటర్ల మీద లెక్కేస్తే ఆ తేడా 0.3 శాతం, ఎందుకంటే ఈసారి తక్కువ పట్టింది వచ్చేసారి ఎక్కువ పట్టి సర్దుకుపోతుంది, చివరికి మిగిలేది మొదటి ఫిల్లింగ్‌కీ ఆఖరి ఫిల్లింగ్‌కీ మధ్య తేడా మాత్రమే. అందుకే మొదటి క్లిక్‌కే ఆపించేయండి, వీలైతే ప్రతిసారీ అదే పంపు దగ్గరే కొట్టించండి. క్లిక్ అయ్యాక ఇంకాస్త, ఇంకాస్త అని పోయించుకునే వాళ్లకి ఒక మాట: పెట్రోల్ ఆవిరిని పట్టుకునే బొగ్గు క్యానిస్టర్ ఒకటి ఉంటుంది, దాంట్లోకి పెట్రోల్ పోతే అది పాడైపోతుంది.

నా కారు గ్లవ్ బాక్స్‌లో ఓ చిన్న నోట్‌బుక్ ఉంటుంది. అందులో వరసగా మూడు లైన్లు చెప్తా: 612 కిలోమీటర్లు 26.1 లీటర్లు, 540 కి 21.0, 655 కి 27.9. విడివిడిగా చూస్తే 23.4, 25.7, 23.5. ఆ మధ్యలో 25.7 చూసి నేనేదో బాగా నడిపాననుకుంటే తప్పు, ఆసారి గన్ ముందే ఆగిపోయి ఉంటుంది. మొత్తం కలిపితే 1807 కిలోమీటర్లు, 75 లీటర్లు, అంటే 24.1. ఇంకోటి, మైలేజీ నంబర్లని కూడి సగటు తీయకండి. 400 కిలోమీటర్లు 20 చొప్పున, ఇంకో 400 కిలోమీటర్లు 28 చొప్పున వెళ్తే సగటు 24 కాదు, 23.3. ఎప్పుడైనా మొత్తం కిలోమీటర్లని మొత్తం లీటర్లతో భాగించడమే.

హైబ్రిడ్‌లో ఇంకో చిక్కుంది, బ్యాటరీ. చార్జింగ్ పెట్టే పనిలేని హైబ్రిడ్‌లో ఒకటి, ఒకటిన్నర కిలోవాట్ అవర్ (అంటే కరెంట్ బిల్లులోని యూనిట్) బ్యాటరీ ఉంటుందనుకోండి, దాంట్లో నిజంగా వాడుకునేది ఓ అర యూనిట్. ఆ అర యూనిట్ మళ్లీ నింపాలంటే ఇంజిన్ సుమారు 170 మిల్లీలీటర్లు కాలుస్తుంది. ఐదు కిలోమీటర్ల ట్రిప్పుకి మొత్తం ఖర్చే 200 మిల్లీలీటర్లు, కాబట్టి బయల్దేరేటప్పుడు బ్యాటరీ నిండుగా ఉండి దిగేటప్పుడు ఖాళీ అయితే స్క్రీన్ మీద 60, 70 కూడా కనిపిస్తుంది. ఆ స్క్రీన్‌షాట్లే చాలామంది నాకు పంపేది. ఆ పెట్రోల్ మిగల్లేదు, తర్వాతి ట్రిప్పులో కాలుతుంది. ఫుల్ ట్యాంక్ మీద చూస్తే ఇదే తేడా అర శాతం కూడా ఉండదు.

ఇక మీ డ్యాష్‌బోర్డ్. అది పెట్రోల్‌ని కొలవట్లేదు, ఇంజిన్‌లోకి పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్ ఎంతసేపు తెరుచుకుందో చూసి లెక్క కడుతోంది. చాలా కార్లలో అది కాస్త ఎక్కువే చూపిస్తుంది. కానీ ఎక్కువ చూపించడం కూడా దాదాపు ఒకే తీరులో ఉంటుంది, అది మనకి మంచిదే. పది ఫిల్లింగులయ్యాక మీ నంబర్‌ని స్క్రీన్ నంబర్‌తో భాగించండి, 0.9 వచ్చిందనుకోండి, ఇకనుంచి స్క్రీన్ చూపించింది 0.9 తో గుణిస్తే సరిపోతుంది. రెండు రూట్లలో ఏది నయం అన్నది తేల్చుకోడానికైతే స్క్రీన్ చాలు.

కిలోమీటర్లు కూడా ఒకసారి సరిచూస్కోండి. కొత్త టైరుకి 8 మిల్లీమీటర్ల గాడి ఉంటే అరిగిపోయేసరికి 1.6 మిగులుతుంది, చక్రం చిన్నదైపోయి ఓడోమీటర్ ఓ 2 శాతం ఎక్కువ తిరుగుతుంది.

యాప్ చూపించిన 31 ని పక్కన పెట్టేయండి. మీ కారు సెకనుకి ఎంత పెట్రోల్ పోతోందో సూటిగా చెప్పకపోతే యాప్ ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని చూసి 14.7 తో భాగించి పెట్రోల్ ఎంతో ఊహిస్తుంది. ఒక వంతు పెట్రోల్ కాలడానికి బరువులో ఎన్ని వంతుల గాలి కావాలో ఆ అంకె, 14.7 ఇథనాల్ కలవని పెట్రోల్‌ది, 10 శాతం ఇథనాల్ కలిస్తే 14.1 దగ్గరికి, 20 శాతం కలిస్తే 13.5 దగ్గరికి వస్తుంది. అంటే యాప్‌లో ఫ్యూయల్ సెట్టింగ్ మార్చకపోతే 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్‌కి మైలేజీ 8, 9 శాతం ఊరికే ఎక్కువ చూపిస్తుంది. పైగా హైబ్రిడ్‌లో ఇంజిన్ నిమిషానికోసారి ఆగుతూ స్టార్టవుతూ ఉంటుంది, మధ్యలో బ్లూటూత్ తెగితే ఆ కాస్తా లెక్కలోకే రాదు.

అసలు మీ ప్రశ్నలో నన్ను కంగారు పెట్టింది మైలేజీ కాదు, ఆ డాంగిల్. దాన్ని పెట్టి అలాగే వదిలేశారా? చాలామంది వదిలేస్తున్నారు. ఆ పోర్ట్ కారు లోపలి నెట్‌వర్క్‌కి తలుపు లాంటిది. లోపల ఉండే కాన్ బస్, అంటే ఇంజిన్, బ్రేకుల కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే లైను, 1986లో వచ్చింది, దాంట్లో మెసేజ్ ఎవరు పంపారో చెక్ చేసే ఏర్పాటే లేదు, లోపలికి వచ్చిన ప్రతి మాటా నమ్ముతుంది. కొత్త కార్లు కొన్నింట్లో మధ్యలో గేట్‌వే అనే కాపలా కంప్యూటర్ పెట్టి ఆపుతున్నారు, అన్నింట్లో కాదు. అలాంటి తలుపుకి మీరు ఒక చిన్న రేడియో తగిలించి, దానికి 1234 అనో 0000 అనో పిన్ పెట్టి, పార్కింగ్‌లో రాత్రంతా వదిలేస్తున్నారు, కొన్నైతే ఆ పిన్ కూడా అడగవు. పక్కన నిలబడి ఫోన్‌తో కనెక్ట్ అవడానికి పెద్ద హ్యాకర్ అక్కర్లేదు. 2015లో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ రిసెర్చర్లు ఇలా పోర్ట్‌లో పెట్టే ఒక పరికరానికి ఎస్ఎంఎస్‌లు పంపి ఒక కారు వైపర్లు తిప్పారు, మెల్లగా పోతుండగా బ్రేకులు కూడా వేయించారు. 2020లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ వాళ్లు 77 వైర్‌లెస్ డాంగిళ్లు పరీక్షిస్తే ప్రతిదాంట్లో కనీసం రెండు రకాల లోపాలు దొరికాయి. డెబ్బై ఏడింట్లో ఒక్కటి కూడా శుభ్రంగా లేదు! ఇలాంటివి తయారుచేసి అమ్మేవాళ్లకి కొనేవాళ్ల ప్రాణం మీద పట్టింపు లేదనే నేనంటా.

ఇంకోటి, ఆ పోర్ట్‌లో 16వ పిన్‌కి కారు ఆఫ్‌లో ఉన్నా కరెంట్ వస్తూనే ఉంటుంది. మా బంధువు ఒకాయన డాంగిల్ అలాగే ఉంచి మూడు వారాలు ఊరెళ్లొచ్చాడు, చిన్న 12 వోల్టుల బ్యాటరీ డౌనైపోయి కారు ఆన్ కాలేదు, పెద్ద హైబ్రిడ్ బ్యాటరీలో చార్జ్ ఉండి కూడా.

యాప్‌ని కూడా చూడండి. మైలేజీ చెప్పడానికి దానికి మీ కాంటాక్ట్స్ ఎందుకు? మీరు రోజూ ఎన్నింటికి ఇంట్లోంచి బయల్దేరతారో, కారు ఎక్కడ ఆగుతుందో అన్నీ ఎవరి సర్వర్‌లోనో కూర్చుంటున్నాయి. పర్మిషన్లు తీసేయండి, అకౌంట్ లేకుండా పనిచేయదంటే ఆ యాప్ వద్దు.

నాకు ఒళ్లు మండేది ఎక్కడంటే, మీ పెట్రోల్ లెక్క కారుకి ముందే తెలుసు. యూరప్‌లో 2021 నుంచి కొత్త కార్లన్నీ జీవితకాలంలో ఎంత పెట్రోల్ కాల్చాయో ఎన్ని కిలోమీటర్లు తిరిగాయో లోపల దాచుకోవాలని రూల్. ఆ లెక్కలు తీసి యూరోపియన్ కమిషన్ 2024లో రిపోర్ట్ ఇస్తే ప్లగిన్ హైబ్రిడ్ల (గోడ ప్లగ్‌కి పెట్టి చార్జ్ చేసే హైబ్రిడ్ల) నుంచి రోడ్డు మీద వచ్చే కార్బన్ ల్యాబ్ నంబర్‌కి సగటున మూడున్నర రెట్లుంది. కారు లోపల ఇంత పక్కాగా ఉన్న లెక్క ఓనర్‌కి మొత్తం లీటర్లు, మొత్తం కిలోమీటర్లు అని ఒక మామూలు మెనూలో చూపించడానికి ఏం కష్టం? అది వదిలేసి స్క్రీన్ మీద ఆకులు మొలిచే బొమ్మలూ, ఐదు నిమిషాలకోసారి లేచే బార్లూ పెడతారు, అప్‌డేట్ వచ్చిందంటే పాత హిస్టరీ కూడా తుడిచేస్తారు. ఈ నంబర్ ఇచ్చి ఉంటే మీరు ఆ డాంగిల్ కొనేవారే కాదు.

లీటరుకి 80 వచ్చింది అని రాసే ప్లగిన్ ఓనర్లకి ఒక మాట: మీకు ఒక్క నంబర్ చాలదు. వంద కిలోమీటర్లకి ఎన్ని లీటర్లు, ఎన్ని యూనిట్లు, రెండూ విడిగా రాసుకోండి. యూనిట్లు కారు స్క్రీన్‌లో కాదు, గోడ దగ్గర మీటర్‌లో చూడాలి, చార్జింగ్‌లో పోయే కరెంట్ కూడా మీ ఖర్చే. పోలిక కావాలంటే లీటరు పెట్రోల్‌లో దాదాపు 8.9 యూనిట్ల శక్తి ఉంటుంది.

ఇక ప్రశ్న అడిగిన మీరైతే ఇవాళే ఆ డాంగిల్ పీకేయండి, ఫోన్ బ్లూటూత్ లిస్టులోంచి కూడా తీసేయండి, సర్వీస్ లైట్ వెలిగి కోడ్ చదవాల్సి వచ్చినప్పుడు ఐదు నిమిషాలు పెట్టుకుంటే చాలు. నోట్‌బుక్‌లో పది లైన్లు నిండాక మొత్తం లీటర్లు, మొత్తం కిలోమీటర్లు రెండే రాసి పంపండి, స్క్రీన్‌షాట్లు వద్దు.